కాఫీ ఇంట్లో చెప్పలేని మాట

కింద దుకాణంలో డ్రమ్ము తిరగడం మొదలయ్యేసరికి కోడలు మేడ మీద కిటికీలు ఒక్కొక్కటే మూసుకుంటూ వచ్చింది. వంటింటి కిటికీ, పిల్ల గది కిటికీ, మెట్ల పక్కన వెంటిలేటరు. మెట్ల తలుపు కింద సందులో పాత దుప్పటి కుక్కింది. బయట ఎండ కాస్తోంది. ఇంట్లో గాలి ఆడడం లేదు.

"అమ్మా, ఉడికిపోతున్నాను. నేనేమన్నా బంగాళాదుంపనా?" అంది పిల్ల, బడికి వెళ్ళడానికి బూట్ల లేసులు కట్టుకుంటూ. తొమ్మిదేళ్లది. వయసుకి పొట్టి కావడంతో ఇంట్లో అందరూ దాన్ని బుడంకాయ అంటారు.

"దుమ్ము వస్తోందే."

"దుమ్ము కాదు, పొట్టు. నాన్న గింజలు వేయిస్తే పొట్టు ఎగురుతుంది. ఆమాత్రం నాకు తెలీదా?"

కాఫీ గురించి తెలియనివాళ్ళు ఆ ఇంట్లో లేరు. పచ్చి గింజలు బస్తాల్లో వస్తాయి. కింద వేయించి, పొడి కొట్టి, అక్కడే అమ్ముతారు. పైన కాపురం. ఆ దుకాణం అత్తగారు, మామగారు కలిసి పెట్టింది. మామగారు పోయాక వేయించే పని కొడుకుది అయింది. రుచి చూసే పని కోడలిది.

రుచి చూడడమంటే మామూలు సంగతి కాదు. గోడవారగా ఒక పొడుగు బల్ల ఉంది. వాయి దిగిన ప్రతిసారీ దాని మీద కప్పులు పేర్చి, పొడి వేసి, వేడినీళ్ళు పోస్తారు. కోడలు వంగి వాసన చూస్తుంది. చెంచాతో తీసుకుని చప్పుడయ్యేలా జుర్రుకుని, పక్కన గిన్నెలో ఊసేస్తుంది. తర్వాత ఒక మాట చెబుతుంది. "పోనీయండి" అంటే ఆ వాయి అమ్మకానికి వెళ్తుంది. "పారేయండి" అంటే వెనక తలుపు గుండా చెత్తలోకి వెళ్తుంది. ఆ మాట మీద ఎవరూ నోరెత్తరు, అత్తగారితో సహా. టోకున కొనేవాళ్ళు ఆమెని జడ్జిగారు అంటారు.

పోయిన వానల్లో ఇంటిల్లిపాదికీ వరసగా జ్వరాలు వచ్చాయి. పిల్ల ముందు లేచింది, తర్వాత కోడలి భర్త, ఆపైన అత్తగారు. కోడలూ లేచింది కానీ ముక్కు లేవలేదు. పొయ్యి మీద పాలు మాడి గిన్నె నల్లబడే వరకు పక్కనే నిలబడి కూరగాయలు తరుగుతూ ఉండిపోయింది. ఆ రోజే విప్పిన బస్తాలో మొహం పెట్టి చూసింది. గోడకి ముక్కు ఆనించినట్టే ఉంది.

చెవి, ముక్కు, గొంతు చూసే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. ఆవిడ ముక్కు లోపల చూసి, అడ్డమేమీ లేదని, జ్వరం తెచ్చిన వైరస్ వాసన తెలిపే నరాలని దెబ్బ కొట్టిందని చెప్పింది. ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కోమంది. నాలుగు చిన్న సీసాల్లో నూనెలు ఇచ్చింది. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి. రోజూ పొద్దునా సాయంత్రం ఒక్కో సీసా తెరిచి కాసేపు మెల్లిగా వాసన చూడాలి. చూస్తున్నంతసేపూ అది ఎలా ఉండేదో గుర్తు చేసుకోవాలి. దెబ్బతిన్న కాలికి నడక నేర్పినట్టే ముక్కుకి వాసన నేర్పాలి. నెలలు పడుతుంది. "కొత్తగా ఏం అనిపించినా, ఎంత వింతగా ఉన్నా, వెంటనే వచ్చి చెప్పండి" అని గుమ్మం దాకా వచ్చి మరీ చెప్పింది.

ఇంటికి రాగానే అత్తగారు ఆ సీసాలు తీసి చూసింది.

"పెళ్ళయిన దగ్గర్నుంచీ కాఫీలో నానిన ముక్కుకి గులాబీలూ లవంగాలూ ఏమిటమ్మాయ్? దానికి తెలిసిన వాసన చూపిస్తే కదా పలికేది!"

ఆ మాట అతనికీ నచ్చింది. నిజం చెప్పాలంటే కోడలికీ నచ్చింది. అత్తగారు నూనెలు ఒంపేసి, సీసాలు కడిగి ఎండబెట్టింది. ఒకదాంట్లో సన్నసెగ కాఫీ పొడి, ఒకదాంట్లో నడిసెగది, ఒకదాంట్లో ముదురుది, నాలుగోదాంట్లో మూడూ కలిపింది పోసి మూతలు పెట్టింది. పొడి పాతబడకుండా తనే రోజూ మార్చేది. కోడలు సీసా తీస్తే ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేది. "వస్తోందా?" అని అడిగేది. కోడలు తల అడ్డంగా ఊపేది.

ఇప్పటికీ అలాగే ఊపుతోంది. కానీ అది ఇప్పుడు అబద్ధం.

కిందటి నెలలో ఒక పొద్దున ముదురు పొడి సీసా తీసినప్పుడు ముక్కులో ఏదో కదిలింది. అత్తయ్యని కేక వేద్దామని నోరు తెరిచింది. అంతలో అదేమిటో తెలిసింది. బీరువా వెనక ఎలక చచ్చి పడుంటే వచ్చే కంపు, దానికి తోడు రబ్బరు కాలుతున్న కంపు. నోరు మూసుకుంది. మిగిలిన సీసాలూ అంతే. కప్పులో పోసుకున్నదీ అంతే. ఆ మధ్యాహ్నం అతను పని ముగించి పైకి వచ్చి, వెనక నుంచి భుజం మీద గడ్డం ఆనించాడు. అతని జుట్టు, చొక్కా, మెడ, అన్నీ అదే. పన్నెండేళ్ల నుంచి ఏ మనిషి వాసన పక్కన పడుకుంటే ఆమెకి నిద్ర పట్టేదో ఆ మనిషే.

అతన్ని విదిలించుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళి, లేని పని కల్పించుకుంది.

ఎవరికి చెప్పాలి? ఏమని చెప్పాలి? ఆ ఇంట్లో ఆమె బాగోలేదన్నది చెత్తలోకి పోతుంది. మనిషి గురించి ఆ మాట ఎలా అనడం? అంతకంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది. ముక్కు చెడిందా, తన మనసే చెడిందా? మనసు విరిగిన మనిషికే కట్టుకున్నవాడు కంపు కొడతాడేమో. ఎవరినైనా అడిగితే ఔనంటారని భయపడి ఎవరినీ అడగలేదు.

పిల్లకి పీడకలలు వస్తున్నాయని చెప్పి పక్క పిల్ల గదిలోకి మార్చుకుంది. వేయించినవి, వేగినవి తినడం మానేసి చల్లటి అన్నం, దోసకాయ ముక్కలు తిని లేచేది. మధ్యాహ్నాలు కాసేపు బయటికి వెళ్ళివచ్చేది. ఎక్కడికని అతను రెండుసార్లు అడిగాడు. ఊరికే అంది. మూడోసారి అడగలేదు. అడగడం మానేసిన దగ్గర్నుంచీ అతను మెట్లెక్కే చప్పుడు మారింది.

ఆ రోజు కొత్త పంట గింజలు మొదటిసారి డ్రమ్ములో పడ్డాయి. సాయంత్రం టోకు కొనేవాళ్ళు వస్తారు. కొత్త పంట మొదటి కప్పు జడ్జిగారు రుచి చూశాకే వాళ్ళు చెంచా ముట్టుకుంటారు. ఏటా అంతే. ముక్కు సంగతి వాళ్ళకి ఇంకా చెప్పలేదు; ఇన్నాళ్ళూ గింజ రంగు చూసి అత్తగారే నెట్టుకొచ్చింది.

పిల్ల సంచీ భుజాన వేసుకుంటుండగా మెట్ల తలుపు తోసుకుని అత్తగారు వచ్చింది. కుక్కిన దుప్పటి తలుపుతో పాటు పక్కకి జరిగింది. ఆవిడ చేతిలో పళ్ళెం, పళ్ళెంలో అప్పుడే దించిన గింజలు. వెనకాలే అతను, మెడకి తువ్వాలుతో.

"చూడమ్మాయ్, ఎలా వచ్చిందో! గింజలు చిటపటమని పేలడం వినగానే దించేశాడు మావాడు. దీనికి కూడా నీ ముక్కు లేవకపోతే ఇంక దేనికీ లేవదు" అంటూ పళ్ళెం తెచ్చి మొహం ముందు పెట్టింది.

కోడలు ఊపిరి బిగబట్టింది. అత్తగారు పళ్ళెం దించలేదు.

"పీల్చమ్మా. గట్టిగా పీల్చు. సాయంత్రం బల్ల దగ్గర నువ్వు కూర్చోవాలి. వాసన అందకపోయినా నాలుక ఉందిగా, ఏదో ఒకటి చెబుదువుగాని."

"తర్వాత చూస్తాను అత్తయ్యా…"

ఆ మాట అనడానికి ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. తీసుకుంది. అంతే, చేత్తో నోరు మూసుకుని తొట్టి దగ్గరికి పరిగెత్తింది. పొద్దున తాగిన చల్లటి పాలు కక్కేసింది. కుళాయి తిప్పి, తల వంచి, అలాగే ఉండిపోయింది.



"ఒంట్లో బాలేదా? ఏం తిన్నావ్?" అంది అత్తగారు.

"ఏం తినలేదమ్మా" అన్నాడు అతను. భార్య వైపు తిరిగాడు. గొంతు నిదానంగానే ఉంది. "నీకు ఏ వాసనా రాదన్నావుగా."

ఆమె తిరగలేదు.

"నిన్నే అడుగుతున్నాను. నిన్న పొద్దున అమ్మ అడిగితే రావట్లేదన్నావు. సాయంత్రం నేనడిగితే రావట్లేదన్నావు. ఏ వాసనా తెలియని మనిషికి పళ్ళెం చూసి వాంతి ఎందుకు వచ్చింది?"

"ఒరేయ్, దాన్ని కాస్త ఊపిరి పీల్చుకోనీ…"

"నువ్వుండమ్మా. పీల్చుకుంటేనేగా ఈ గొడవంతా." కుర్చీ లాగాడు కానీ కూర్చోలేదు. "వాసన వస్తోంది. వస్తున్నా రావట్లేదంటున్నావు. ఎందుకు? బల్ల దగ్గరికి రావడం ఇష్టం లేదా? ఈ దుకాణం ఇష్టం లేదా? నేనంటేనే ఇష్టం లేదా? ఏదో ఒకటి చెప్పు. పిల్లకి పీడకలలన్నావు. ఏమే బుడంకాయా, నీకు పీడకలలు వస్తున్నాయా?"

పిల్ల సంచీ పట్టీ నలుపుతూ నిలబడింది. "నాకు రావట్లేదు. అమ్మే నిద్రలో ఏడుస్తుంది." దాచుకోలేక, "నాన్నా, అమ్మ నీ చొక్కాలు పటకారుతో పట్టుకుంటుంది. నేను చూశాను. బకెట్లో వేసేదాకా మొహం అటు తిప్పుకుంటుంది" అంది.

అతను మెడ మీది తువ్వాలు తీశాడు. దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

"మరి మధ్యాహ్నాలు ఎక్కడికి వెళ్తున్నావు?"

"బ్యాంకుకి."

"మన లావాదేవీలన్నీ అమ్మ చూసుకుంటుంది. నీకు బ్యాంకులో పనేంటి?"

"పనేం లేదు. ఊరికే కూర్చుంటాను. అక్కడ ఏ వాసనా ఉండదు." కుళాయి కట్టి అప్పుడు తిరిగింది. "వాసన వస్తోందండీ. నెల నుంచి వస్తోంది. కాఫీ మాత్రం కాదు. చచ్చిన ఎలక కంపు. కాలిన రబ్బరు కంపు. సీసాల్లో అదే, కప్పులో అదే, మెట్ల మీద అదే, పక్క బట్టల్లో అదే." ఆగింది. ఇక ఆపినా లాభం లేదనుకుంది. "మీ దగ్గరా అదే."

అత్తగారు పళ్ళెం బల్ల మీద పెట్టింది. గింజలు రెండు దొర్లి కింద పడ్డాయి. ఆవిడ తీయలేదు.

"నా దగ్గర" అన్నాడు అతను.

"మీరు పైకి వస్తుంటే మూడో మెట్టు దగ్గరే తెలిసిపోతుంది. ఎన్నిసార్లు అనుకున్నానో, ఇవాళ ఊపిరి బిగబట్టి అయినా పక్కన కూర్చుంటానని. కూర్చోలేకపోయాను. ఏమని చెప్పనండీ? గింజలు బాలేవంటే పారేస్తారు. మొగుడు బాలేడని ఏ నోటితో చెప్పను? నాకేదో అయింది. ముక్కుకి అయిందో బుర్రకి అయిందో నాకే తెలీదు."

అతను తలుపు తీసుకుని మెట్లు దిగిపోయాడు. కింద డ్రమ్ము ఆగింది. ఆ వేళప్పుడు అది ఆగడం ఆ ఇంట్లో ఎవరూ ఎరుగరు.

"వెళ్ళిపోయాడా?" అంది పిల్ల, ఏడుపు గొంతుతో.

కోడలు గోడకి చేరబడి నేల మీద కూర్చుండిపోయింది. అత్తగారు ఆమె వైపు ఒకడుగు వేసి, తన ఒంటి మీదా అదే వాసన ఉంటుందని తోచి, అక్కడే ఆగిపోయింది. ఏం చెయ్యాలో తెలియక మూసి ఉన్న కిటికీలన్నీ తెరిచింది. మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు గబగబా మూసేసింది.

కాసేపటికి మెట్ల మీద అడుగులు వినిపించాయి. అతను తల తడిసి, ఒంటికి సబ్బు నురగ అక్కడక్కడా అంటుకుని ఉండగా గుమ్మం బయటే నిలబడ్డాడు. కింద కుళాయి దగ్గర స్నానం చేసి, దుకాణంలో అమ్మకాలు చూసే కుర్రాడి చొక్కా అడిగి తొడుక్కున్నట్టున్నాడు. పొట్ట దగ్గర గుండీలు పట్టలేదు.

"లే. డాక్టరమ్మ దగ్గరికి వెళ్దాం. బుడంకాయా, ఇవాళ బడి లేదు. అమ్మా, ఆ సీసాలు తీసుకుని నువ్వూ రా."

డాక్టరమ్మ అంతా విన్నది. మధ్యలో ఒక్కసారి కూడా ఆశ్చర్యపోలేదు. అదే కోడలికి ఆశ్చర్యమనిపించింది. తర్వాత సీసా మూత తీసి వాసన చూసి, కళ్ళజోడు సర్దుకుని, మళ్ళీ చూసింది.

"ఇదేంటి, కాఫీ పొడి? గులాబీ ఏది?"

"మేమే మార్చామండీ" అంది అత్తగారు. "మాది కాఫీ దుకాణం కదా, తెలిసిన వాసన అయితే తొందరగా…"

"తొందరగా పారిపోయింది" అంది డాక్టరమ్మ. ఎవరూ నవ్వలేదు. ఆవిడ కుర్చీ ముందుకి జరుపుకుని కోడలి వైపు తిరిగింది. "మీ బుర్ర బాగానే ఉందమ్మా. మనసూ బాగానే ఉంది. నరాలు మళ్ళీ మొలుస్తున్నప్పుడు ఇలా జరుగుతుంది. ఒక దగ్గర కలవాల్సిన తీగ ఇంకో దగ్గర కలుస్తుంది. సగం కబురు అందుతుంది, సగం అందదు. ఆ సగాన్నే మెదడు కంపు కింద లెక్క కడుతుంది. ఎక్కువమందికి ముందుగా చెడేది కాఫీయే. తర్వాత ఉల్లి, వెల్లుల్లి, వేయించిన మాంసం. కన్నబిడ్డని ఎత్తుకోలేక ఇదే కుర్చీలో కూర్చుని ఏడ్చిన తల్లులున్నారు."

"అంటే… తగ్గుతుందా?" అన్నాడు అతను.

"ఏమీ రాకపోవడం కంటే ఇలా రావడం నయం. లోపల పని జరుగుతోందని అర్థం. చాలామందికి మెల్లమెల్లగా సర్దుకుంటుంది. నెలలు పట్టొచ్చు, ఏడాది దాటొచ్చు. పూర్తిగా మునుపటిలా అవుతుందని మాత్రం మాట ఇవ్వలేను. కంపు కొట్టేవాటికి దూరంగా ఉండండి. చల్లటివి తినండి. ముక్కు కడుక్కోవడం మానకండి. నాలుగు సీసాలూ మళ్ళీ నేనిచ్చినట్టే మొదలుపెట్టండి. భరించలేనిది ఏదైనా ఉంటే దాన్ని పక్కన పెట్టండి, బలవంతం వద్దు." అత్తగారి వైపు చూసింది. "వస్తోందా వస్తోందా అని అడగడం కూడా వద్దు."

అత్తగారు ఆ మాటకి తలవంచుకుంది. బయటికి వచ్చాక వరండా గోడ పట్టుకుని ఆగిపోయింది. "పూటపూటా దగ్గర కూర్చుని నీకు కుళ్ళు పీల్పించానా అమ్మాయ్? నువ్వు అలా తల ఊపుతుంటే, ఇంకాస్త ముదురుగా వేయించమని వాణ్ణి సతాయించాను కూడా" అంటూ ఏడ్చేసింది. కోడలు ఆవిడ చెయ్యి పట్టుకోబోయింది. ఆవిడ వెనక్కి జరిగి, "దగ్గరికి రాకు, నేనింకా స్నానం చెయ్యలేదు" అంది. ఏడుస్తూ అన్న ఆ మాటకి ముందు పిల్ల నవ్వింది. తర్వాత ఎవరికీ నవ్వు ఆగలేదు.

సాయంత్రం టోకు కొనేవాళ్ళు వచ్చారు. బల్ల మీద కప్పులు లేవు. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తెల్లగుడ్డ కప్పి ఉంది. జడ్జిగారేరని అడిగారు.

"సెలవులో ఉంది. ముక్కుకి దెబ్బ తగిలింది, వైద్యం జరుగుతోంది" అంది అత్తగారు. "కోలుకున్నాకే ఈ బల్ల తెరుస్తాం. అప్పటిదాకా కావాలంటే నా నోటి మాట మీద కొనుక్కోండి, వద్దంటే మానెయ్యండి. ఆ కుర్చీలో మాత్రం ఇంకెవరూ కూర్చోరు."

మెట్ల పైన కూర్చున్న కోడలికి ఆ మాటలు వినబడ్డాయి. మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అది వాసనకి కాదు.

ఆ తర్వాత ఇంట్లో పద్ధతులు మారాయి. ఎక్కువ వాయిలు ఆమె పిల్లని బడికి దింపి, డాక్టరమ్మ దగ్గరికీ అంగడికీ వెళ్ళివచ్చే వేళల్లోనే పడేవి. అతను పని బట్టలు కిందే విడిచి, స్నానం చేసి, పైకి వచ్చి గుమ్మం దగ్గర ఆగేవాడు. సొంత ఇంటి ముందు అతిథిలా నిలబడి అడిగేవాడు.

"ఇవాళ ఎలా ఉన్నాను? మొహమాటం లేకుండా చెప్పు."

మొదట్లో ఆమెకి నోరు పెగిలేది కాదు. తర్వాత తర్వాత కళ్ళు మూసుకుని, బల్ల దగ్గర కప్పు గురించి చెప్పినట్టే చెప్పడం అలవాటైంది. "రబ్బరు తగ్గింది. కుళ్ళిన ఉల్లిపాయ ఎక్కువుంది" అనేది. "మెడ దగ్గర మరీ ఘోరం" అనేది. అతను సరేనని రెండడుగులు వెనక్కి వేసి, అక్కడే కింద కూర్చుని కబుర్లు చెప్పేవాడు. ఆ గది మధ్య ఖాళీలోంచే ఇద్దరూ దుకాణం సంగతులూ, బుడంకాయ మార్కులూ, అమ్మ మోకాళ్ళ నొప్పీ మాట్లాడుకునేవాళ్ళు. ఒక్క మంచం మీద పడుకున్న రోజులకంటే ఇప్పుడు ఎక్కువ మాట్లాడుకుంటున్నారని ఆమెకి అప్పుడప్పుడూ తోచేది.

ఒక ఆదివారం డ్రమ్ము తిరగలేదు. అత్తగారు పిల్లని తీసుకుని పార్కుకి వెళ్ళింది. కిటికీలు తెరిచి ఉన్నాయి. ఆమె సీసాలు ముందు పెట్టుకుని కూర్చుంది. నిమ్మ అచ్చం నిమ్మలా లేదు కానీ, నిమ్మకి ఎక్కడో దూరపు చుట్టంలా ఉంది. అతను వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇవాళ?"

ఆమె చాలాసేపు చూసింది. అబద్ధం చెప్పాలనిపించింది. ఇంత ఎండలో, ఇంత శుభ్రంగా తల దువ్వుకుని నిలబడ్డ మనిషికి ఒక్కరోజైనా మంచి మాట చెప్పాలనిపించింది. మానుకుంది.

"కంపేనండీ. నిన్నటిలాగే ఉంది."

"సరే" అని అతను రెండడుగులు వెనక్కి వెయ్యబోయాడు.

"ఎక్కడికి?" అంది ఆమె. సీసాలు పక్కకి జరిపి, తన పక్కన చోటు చేసింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "కంపు కొడుతున్నారన్నాను. వెళ్ళమన్నానా? వచ్చి కూర్చోండి."